పసిబిడ్డ కిడ్నీకి రోబోయే మేలన్న మాట చెల్లదు

"రోబోతో చేయిస్తే బిడ్డకు నొప్పి ఉండదట, కోతా ఉండదట, మర్నాడే ఇంటికి పంపేస్తారట." కిడ్నీలో నీరు చేరిందని తేలిన పసిబిడ్డను ఎత్తుకుని ఆస్పత్రుల చుట్టూ తిరిగే తల్లిదండ్రులకు ఇవాళ ముందుగా వినిపించే మాట ఇది. చుట్టాలు ఇదే చెబుతారు. యూట్యూబ్ వీడియోలు ఇదే చెబుతాయి. ఆస్పత్రి కౌన్సెలర్ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇదే చెబుతుంది. అందరి మాటల సారం ఒకటే. కోసి చేసేది పాతకాలపు వైద్యం, చిన్న రంధ్రాలు పెట్టి చేసేది కొత్త వైద్యం, రోబోతో చేసేది అన్నిటికన్నా మేలైన వైద్యం. డబ్బుంటే పై మెట్టు, లేకపోతే కింది మెట్టు.

ఈ మెట్ల లెక్క పిల్లల విషయంలో తప్పు. ఏడాది, రెండేళ్ల లోపు బిడ్డల విషయంలో మరీ తప్పు. పసివాళ్ల కిడ్నీల్లో, మూత్రనాళాల్లో లోపం కనిపిస్తే ఆపరేషన్ అవసరమా కాదా అన్నది మొదటి ప్రశ్న. ఎప్పుడు చేయాలన్నది రెండోది. ఎవరు చేస్తారన్నది మూడోది. ఏ పరికరంతో చేస్తారన్నది వాటన్నిటి తరవాత అడగాల్సిన ప్రశ్న. మన దగ్గర ఆ చివరి ప్రశ్నను తెచ్చి అన్నిటికన్నా ముందు పెట్టారు. దానివల్ల అప్పు చేసి లక్షలు కడుతున్న కుటుంబాలు నష్టపోతున్నాయి. అంతకన్నా ఎక్కువగా, వేళకు వైద్యమే అందని పిల్లలు నష్టపోతున్నారు.

కడుపులో ఉండగానే స్కాన్‌లో బయటపడే కిడ్నీ వాపుకు ఒక ముఖ్య కారణం, మూత్రం కిడ్నీ నుంచి నాళంలోకి దిగే చోట ఇరుకుగా ఉండడం. దాన్ని సరిచేసే ఆపరేషన్ పైలోప్లాస్టీ. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆండర్సన్, హైన్స్ అనే ఇద్దరు సర్జన్లు 1949లో ప్రకటించిన పద్ధతినే ఇప్పటికీ ప్రపంచమంతా పాటిస్తోంది. ఇరుకైన ముక్కను కోసి తీసేస్తారు. మూత్రనాళం చివరను కొంచెం చీల్చి వెడల్పు చేస్తారు. దాన్ని మూత్రం పోగయ్యే సంచి అడుగుకు అతికించి, 6-0 లేదా 7-0 దారంతో కుడతారు. ఆ దారం వెంట్రుకంత సన్నగా ఉంటుంది. రోబోతో చేసినా, చిన్న రంధ్రాల లాప్రోస్కోపీతో చేసినా, కోసి చేసినా లోపల జరిగే పని ఇదే. ఇందులో రోబో కనిపెట్టిన కొత్త ఆపరేషన్ ఏదీ లేదు. అనుభవం ఉన్న చేతుల్లో మూడు పద్ధతుల్లోనూ నూటికి తొంభైకి పైగా, మంచి కేంద్రాల్లో తొంభై అయిదు దాకా విజయవంతమవుతాయి. మేలైన ఆపరేషన్ అంటే కిడ్నీ బాగుపడేది అనుకుంటే, ఇక్కడ పై మెట్టూ కింది మెట్టూ లేవు.

అలాంటప్పుడు రోబో ఎక్కువ అనడానికి చెప్పే కారణాలేమిటి? రక్తం తక్కువ పోతుంది, నొప్పి తక్కువ, ఆస్పత్రిలో ఉండే రోజులు తక్కువ, త్వరగా మామూలు పనుల్లో పడొచ్చు. ఈ జాబితా పెద్దల ఆపరేషన్ల నుంచి, ముఖ్యంగా ప్రొస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్ల నుంచి ఎత్తుకొచ్చింది. అరవై ఏళ్ల మనిషికి కటి లోతుల్లో, రక్తనాళాల గుంపు మధ్య చేసే ఆ ఆపరేషన్లో రక్తస్రావం తగ్గడం నిజంగా పెద్ద మేలే. ఎనిమిది నెలల బిడ్డకు చేసే పైలోప్లాస్టీలో ఏ పద్ధతిలోనైనా పోయే రక్తం కొన్ని చెంచాలే. అక్కడ తగ్గించడానికి ఏముంది? త్వరగా పనిలో పడడమన్న మాటా అంతే. పసిబిడ్డ మర్నాడే పాలు తాగుతుంది, మూడో రోజుకు మంచం మీద బోర్లా పడడానికి చూస్తుంది. దాన్ని ఆపలేక అవస్థపడేది మనమే. పెద్దవాళ్ల పొట్ట కండరాన్ని కోస్తే కోలుకోవడానికి వారాలు పట్టే మాట నిజమే. పసిబిడ్డ దేహం అలా కాదు. పెద్దల కొలతలతో కుట్టిన చొక్కాను పసివాడికి తొడిగి, బాగా నప్పిందని చెప్పడం లాంటిదే ఈ వాదన.

ఆస్పత్రిలో ఉండే రోజుల లెక్కలో ఇంకో పొరపాటు దాగుంది. రోబోతో చేసిన పిల్లలు ముందు ఇంటికెళ్లారని చూపే నివేదికల్లో ఎక్కువ భాగం పాత రికార్డులు తిరగేసి రాసినవి. వాటిలో రోబో వైపు ఎక్కువగా ఉన్నది పెద్ద పిల్లలు. కోసి చేసిన వైపు ఎక్కువగా ఉన్నది చిన్న పిల్లలు. ఆరు నెలల బిడ్డను ఇంకో రాత్రి ఆస్పత్రిలో ఉంచి చూసుకోవడం ఏ వైద్యుడైనా చేసే పనే. ఆ జాగ్రత్తను తీసుకొచ్చి కోత ఖాతాలో రాస్తే లెక్క తప్పుతుంది. పిల్లలను చీటీ తీసినట్టు రెండు జట్లుగా విడదీసి చేసిన పరీక్షలు చాలా తక్కువ. అమెరికాలోని కాన్సస్ సిటీ పిల్లల ఆస్పత్రి వైద్యులు కోసి చేసే పైలోప్లాస్టీని, లాప్రోస్కోపీని అలా పోల్చి 2017లో ఫలితాలు ప్రచురించారు. రెంటి మధ్యా బిడ్డకు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. లాప్రోస్కోపీకి పట్టిన సమయం మాత్రం కాస్త ఎక్కువ. రోబోనూ లాప్రోస్కోపీనీ పోల్చుతూ టర్కీ వైద్యులు 2020లో ప్రచురించిన చిన్న పరీక్షలో రోబోకు సమయం కలిసొచ్చింది, ఫలితం మాత్రం ఒకటే, ఖర్చు రోబోకే ఎక్కువ.

ఇప్పుడు యంత్రం దగ్గరకు వద్దాం. ఎక్కువగా వాడుకలో ఉన్న డా విన్సీ రోబోను అమెరికాలోని ఇంట్యూటివ్ సర్జికల్ అనే కంపెనీ తయారు చేస్తుంది. అక్కడి మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2000లో దానికి అనుమతి ఇచ్చింది. రోబో అన్న పేరు విని అదే ఆపరేషన్ చేసేస్తుందని చాలామంది అనుకుంటారు. అది దానంతట అది ఏమీ చేయదు. సర్జన్ పక్కనున్న కన్సోల్ ముందు కూర్చుని వేళ్లు కదిపితే లోపలి పరికరాలు కదులుతాయి. మణికట్టులా తిరగగల ఆ పరికరాలు, లోతును చూపే కెమెరా దాని బలాలు. కుట్లు వేయడం సులువవుతుంది, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ యంత్రాన్ని తయారు చేసింది పెద్దల దేహం కోసం. పాత మోడళ్లలో 5 మిల్లీమీటర్ల పరికరాలు ఉండేవి. 2014లో వచ్చిన ఎక్స్‌ఐ మోడల్ 8 మిల్లీమీటర్ల పరికరాల మీద నడుస్తుంది. మామూలు లాప్రోస్కోపీలో పసిపిల్లలకు 3 మిల్లీమీటర్ల పరికరాలు ఎప్పుడో వచ్చాయి. అంటే పై మెట్టు అని చెబుతున్న చోట బిడ్డ పొట్ట మీద పడే రంధ్రం కింది మెట్టు కన్నా రెట్టింపుకు పైగా పెద్దది. ఈ సంగతి ఏ ప్రకటనలోనూ కనిపించదు.

చోటు సంగతి ఇంకా ముఖ్యం. రోబో చేతులు ఒకదానికొకటి తగలకుండా ఉండాలంటే రంధ్రాల మధ్య ఎడం కావాలి. పెద్దలకైతే ఆరు నుంచి ఎనిమిది సెంటీమీటర్లు ఉంచుతారు. పసిబిడ్డ పొట్ట మొత్తం మన అరచేతి కింద దాగిపోతుంది. రెండు తుంటి ఎముకల మొనల మధ్య దూరం 13 సెంటీమీటర్లకు మించని పిల్లల్లో, రొమ్ము ఎముక చివరి నుంచి పొత్తికడుపు కింది ఎముక దాకా 15 సెంటీమీటర్లకు మించని పిల్లల్లో రోబో చేతులు ఎక్కువగా గుద్దుకుంటాయని రోబోను రోజూ వాడే అమెరికా సర్జన్లే 2015లో లెక్కగట్టి చెప్పారు. పొట్టలోకి ఎక్కించే కార్బన్ డయాక్సైడ్ కథా అంతే. పెద్దవాళ్ల పొట్టలో అయిదారు లీటర్లు పట్టే చోట ఏడాది బిడ్డ పొట్టలో సుమారు ఒక్క లీటరు పడుతుంది. ఆ ఇరుకులోనే పరికరాలు తిరగాలి. ఒత్తిడి పెంచితే పైనున్న ఊపిరితిత్తులు నలుగుతాయి. మత్తు డాక్టరు చూపంతా అప్పుడు మానిటర్ మీదే ఉంటుంది.

ఇంకో విషయం చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు. కిడ్నీ పొట్ట లోపల ఉండే అవయవం కాదు. పేగులను చుట్టి ఉండే పొరకు వెనక, నడుము వైపు ఉంటుంది. కోసి చేసే సర్జన్ పక్కటెముకల కింద నుంచి, నడుము పక్కగా వెళతాడు. పసిబిడ్డకైతే రెండున్నర, మూడు సెంటీమీటర్ల కోత చాలు. కండరాలను కోయనక్కర్లేకుండా పాయలుగా విడదీయవచ్చు. కళ్లకు భూతద్దాలు కట్టుకున్న సర్జన్‌కు ఆ చిన్న కిటికీలోంచి ఉబ్బిన కిడ్నీ సంచి పైకి తేలి వచ్చినట్టు కనిపిస్తుంది. అందులోని మూత్రం కొంత తీయగానే అది ముడుచుకుంటుంది, ఇరుకు ముక్క చేతికందేలా పైకొస్తుంది. పేగులను ముట్టుకోనే ముట్టుకోరు. రోబోతో చేసేటప్పుడు మాత్రం సాధారణంగా పొట్ట ముందు నుంచి లోపలికి దిగి, పొర దాటి, పేగును పక్కకు జరిపి కిడ్నీని చేరాలి. ఇవాళ రోబో పని ఎక్కువగా ఆ దారిలోనే సాగుతోంది. తక్కువ చొరబాటు అని పేరు పెట్టుకున్న పద్ధతి, చొరబడనక్కర్లేని చోట చొరబడుతోంది.

కోతలను కూడి లెక్కేయడం కూడా సరికాదని రోబో పక్షం వాళ్లు అంటారు. మూడు చిన్న కోతల మీద పడే లాగుడు, వాటి మొత్తం పొడవున్న ఒక్క కోత మీద పడే లాగుడు కన్నా తక్కువ. ఆ మాట నిజం. అందుకే మూడు ఎనిమిదులు ఇరవై నాలుగు, కాబట్టి రెండూ ఒకటేనని నేను వాదించను. నా వాదన వేరు. మూడు సెంటీమీటర్ల కోత పసివాడికి పెద్ద బాధ అన్న ఊహే నిజం కాదంటున్నాను. నడుము దగ్గర నరం మొద్దుబారే మందు ఒక్కసారి ఇచ్చి, పారాసిటమాల్ చుక్కలతో చాలామంది పిల్లలు తేరుకుంటారు.

మత్తు ఎంతసేపన్నది చిన్న సంగతి కాదు. మూడేళ్ల లోపు పిల్లలకు మూడు గంటలు దాటే మత్తు, లేదా పదే పదే ఇచ్చే మత్తు మెదడు ఎదుగుదల మీద ప్రభావం చూపవచ్చని ఎఫ్‌డీఏ 2016 డిసెంబరులో హెచ్చరించింది. గంట లోపు మత్తు ఒక్కసారి ఇస్తే అయిదేళ్ల వయసులో తెలివితేటల్లో తేడా ఏమీ లేదని పలు దేశాల్లో కలిసి చేసిన పెద్ద పరీక్ష 2019లో తేల్చింది. కాబట్టి తల్లిదండ్రులు హడలిపోనక్కర్లేదు, అవసరమైన ఆపరేషన్‌ను మత్తు భయంతో ఆపనూ కూడదు. అయితే రెండు పద్ధతుల ఫలితం ఒకటైనప్పుడు, బిడ్డను తక్కువసేపు మత్తులో ఉంచే పద్ధతి వైపు మొగ్గాలి కదా? యంత్రాన్ని బిడ్డ మీదకు జరిపి, చేతులు బిగించి, సరిచూసుకునే సమయం కూడా మత్తు సమయమే. చేయి తిరగని జట్టు చేతిలో అది ఇంకా సాగుతుంది.

మా బంధువుల ఇంట్లో జరిగింది చెబుతాను. ఏడు నెలల బాబుకు ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రిలో రోబోతో పైలోప్లాస్టీ చేయించారు. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికొచ్చి నెల దాటాక ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది, స్టెంట్ తీయాలి, బాబును ఉదయం పాలు పట్టకుండా తీసుకురండి అని. బాబు నాయనమ్మ కొడుకును నిలదీసింది. "మళ్లీ మత్తు ఇస్తారా? ఒక్కసారితో అయిపోతుందనే కదరా పొలం మీద అప్పు తెచ్చింది!" ఆ కొడుకు దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆయనకు ముందు ఎవరూ చెప్పలేదు. కుట్టిన చోట మూత్రం కారకుండా, లోపల డీజే స్టెంట్ అనే మెత్తని గొట్టం పెడతారు. అది కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా ఉంటుంది. నాలుగు నుంచి ఆరు వారాల తరవాత పసిబిడ్డకు మళ్లీ మత్తిచ్చి, మూత్ర మార్గం గుండా చిన్న దుర్బిణి పంపి దాన్ని బయటికి తీయాలి. కోసి చేసే సర్జన్లలో చాలామంది గొట్టం చివరను నడుము పక్కగా బయటికి తెచ్చి, కొద్ది రోజుల తరవాత ఓపీలోనే లాగేస్తారు. కొందరు అసలు గొట్టమే పెట్టరు. రోబో వాడే సర్జన్లలోనూ బయటికి తెచ్చే పద్ధతి పాటించేవాళ్లు ఉన్నారు. అలా చేస్తే మంచిదే. నా ఫిర్యాదల్లా, చిన్న రంధ్రాల గురించి అరగంట చెప్పిన నోటితో రెండో మత్తు గురించి ఒక్క ముక్క చెప్పకపోవడం మీద.

డీజే స్టెంట్ విషయం మన పల్లెలకు ఇంకా భారమైంది. ఊరు దూరం, ఫోన్ నంబరు మారింది, డిశ్చార్జి కాగితం బీరువాలో ఎక్కడో ఉంది. బాబు ఆడుకుంటున్నాడు కదా అని ఊరుకుంటారు. నెలలు గడిచేకొద్దీ మరిచిపోయిన స్టెంట్ చుట్టూ రాళ్లు కడతాయి. అప్పుడు తీయడం మొదటి ఆపరేషన్ కన్నా కష్టం, కొన్నిసార్లు బాగుపడిన కిడ్నీకే ఎసరు.

పైలోప్లాస్టీ సంగతి అలా ఉంటే, మూత్రం మూత్రాశయం నుంచి వెనక్కి కిడ్నీలోకి పోయే రిఫ్లక్స్ జబ్బులో రోబో రికార్డు మరీ పలచన. మూత్రనాళాన్ని మూత్రాశయంలో తిరిగి అమర్చే ఆపరేషన్‌ను కోసి చేస్తే నూటికి తొంభై అయిదుకు తగ్గకుండా ఫలితమిస్తుందని దశాబ్దాల అనుభవం చెబుతోంది. రోబోతో అదే ఆపరేషన్ చేసిన అమెరికా ఆస్పత్రులు కొన్ని తమ ఫలితాలను కలిపి 2015లో ప్రచురిస్తే, రిఫ్లక్స్ పోయింది 72 శాతం పిల్లల్లోనే. రెండేళ్ల తరవాత వచ్చిన ఇంకో పెద్ద లెక్కలో అది 88 శాతం దాకా పెరిగింది. పెరగడం సంతోషమే. కానీ పాత పద్ధతిని ఇంకా అందుకోని దాన్ని అంతకన్నా గొప్పదని అమ్మడం ఏ న్యాయం?

కొత్తదైతే మంచిదే అయ్యుంటుందని పరీక్ష చేయకుండా నమ్మితే ఏమవుతుందో వైద్యరంగం చూసింది, అదీ ఈమధ్యే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు చిన్న రంధ్రాల ద్వారా, రోబో ద్వారా చేసే ఆపరేషన్ ఏళ్ల తరబడి మేలైనదిగా చలామణీ అయింది. చివరికి స్త్రీలను రెండు జట్లుగా చేసి పోల్చిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. నాలుగున్నరేళ్ల తరవాత క్యాన్సర్ తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు కోసి చేసిన జట్టులో 96.5 శాతం, రంధ్రాల ద్వారా చేసిన జట్టులో 86 శాతం. మరుసటి ఏడాది ఎఫ్‌డీఏ రోబో పరికరాలపై హెచ్చరిక జారీ చేసింది. పిల్లల కిడ్నీలో అలాంటి ప్రాణాపాయం ఉందని నేననడం లేదు. ఆ పరీక్ష జరిగేదాకా అక్కడా అందరూ ఇంత నమ్మకంగానే ఉన్నారని గుర్తు చేస్తున్నాను.

అమెరికా వాళ్లంతా రోబోతోనే చేయిస్తున్నారన్న మాటా వింటుంటాం. 2015 నాటికి ఆ దేశంలో పిల్లల పైలోప్లాస్టీల్లో సుమారు 40 శాతం రోబోతో జరిగాయి. అది నిజం. అదే లెక్కలో ఏడాది లోపు పసివాళ్లను చూస్తే నూటికి 85 మందికి కోసే చేశారు. రోబో పుట్టిన దేశంలో, బీమా కంపెనీలు బిల్లు కట్టే చోట, పసిబిడ్డ దగ్గరకు వచ్చేసరికి సర్జన్లు ఎంచుకున్నది ఆ చిన్న కోతనే. ఈ రెండో సగాన్ని మన ప్రకటనలు మింగేస్తాయి.

రోబో పిల్లలకు పనికిరాదని తీర్మానించేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. పన్నెండేళ్ల పిల్లకు పైలోప్లాస్టీ చేయాల్సి వస్తే రోబో మంచి ఎంపికే. ఆ వయసులో పొట్ట గోడ మందం, నడుము కోత నొప్పి పెద్దవాళ్ల నొప్పికి దగ్గరగా ఉంటుంది. మొదటి ఆపరేషన్ విఫలమై రెండోసారి చేసేటప్పుడు, జంట నాళాలున్న కిడ్నీలో పాడైన సగాన్నే తీసేటప్పుడు, వెన్నులో పుట్టుక లోపంతో మూత్రాశయం పనిచేయని పిల్లలకు బొడ్డు దగ్గర కొత్త మార్గం అమర్చేటప్పుడు ఆ మణికట్టు పరికరాల విలువ తెలుస్తుంది. మామూలు లాప్రోస్కోపీ గురించి ఇంకా గట్టిగా చెబుతాను. చేతికి తగలని వృషణం పొట్టలో ఎక్కడుందో వెతకడానికి దాన్ని మించింది లేదు. స్కాన్‌లో దొరకనిది కెమెరాతో నిమిషాల్లో దొరుకుతుంది, అక్కడికక్కడే కిందికి దించొచ్చు కూడా. దానికి రోబో అక్కర్లేదు.

అసలు తక్కువ చొరబాటు అన్న మాటకు పూర్తిగా తగిన ఆపరేషన్లు ఒక్క కోత కూడా లేనివి. మగబిడ్డ మూత్ర మార్గంలో పుట్టుకతో అడ్డంగా ఉండే పొరలు కిడ్నీలు రెంటినీ గర్భంలోనే దెబ్బతీస్తాయి. మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న దుర్బిణిని మూత్ర మార్గం గుండా పంపి ఆ పొరలను తొలగిస్తే మూత్రం ధారగా వస్తుంది. రిఫ్లక్స్‌కు నాళం నోటి దగ్గర సూదితో పేస్ట్ లాంటి పదార్థం ఎక్కించే పద్ధతి 1984లోనే డబ్లిన్ వైద్యులు పిల్లల్లో చూపించారు. వీటికి కోట్ల యంత్రం వద్దు. పసిబిడ్డకు సరిపోయే దుర్బిణి, దాన్ని పట్టుకోవడం తెలిసిన చేయి, పసిపిల్లలకు మత్తివ్వడం తెలిసిన డాక్టరు కావాలి. మన జిల్లా ఆస్పత్రుల్లో ఎన్నిట్లో ఈ మూడూ ఒకచోట ఉన్నాయి?

అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న మిగిలే ఉంది. ఆపరేషన్ కావాలా? గర్భంలో కనిపించే కిడ్నీ వాపుల్లో ఎక్కువ భాగం పుట్టాక వాటంతటవే తగ్గిపోతాయి. అమెరికాలో ఒక వైపు కిడ్నీ తీవ్రంగా వాచిన 104 మంది నవజాత శిశువులను ఆపరేషన్ చేయకుండా ఏళ్లపాటు కనిపెట్టుకుని చూశారు. ఆ ఫలితాలు 2000లో అచ్చయ్యాయి. చివరికి ఆపరేషన్ అవసరమైంది 23 మందికే. మిగతావాళ్లను కాపాడింది కత్తీ కాదు, రోబో కాదు, వేళ తప్పని అల్ట్రాసౌండ్, అవసరమైనప్పుడు కిడ్నీ పనితనాన్ని కొలిచే డీటీపీఏ లేదా ఈసీ స్కాన్, తొందరపడని వైద్యుడు. ఇలా కనిపెట్టుకుని ఉండడానికి బిల్లు పెద్దగా కాదు. యంత్రం కొన్న ఆస్పత్రికి మాత్రం యంత్రం నడవాలి. పది కోట్లకు పైగా పెట్టి కొన్నది, ఏటా ధరలో సుమారు పదో వంతు నిర్వహణకే అడిగేది, ఇన్నిసార్లు వాడాక పనిచేయనని లోపలి చిప్ చెప్పే పరికరాలతో నడిచేది ఖాళీగా కూర్చోకూడదు. నేను ఏ డాక్టరు నిజాయితీనీ శంకించడం లేదు. కానీ ఇంత బరువైన పెట్టుబడి పక్కన కూర్చుని "ఇంకో మూడు నెలలు చూద్దాం" అనడానికి గుండె నిబ్బరం కావాలి.

ఆడపిల్లల తల్లిదండ్రుల మీద ప్రయోగించే ఒక మాట నాకు చాలా బాధ కలిగిస్తుంది. "ఆడపిల్ల కదండీ, రేపు పెళ్లి చేయాలి, మచ్చ కనపడకూడదు కదా." పది నెలల పాప నడుము పక్కన, వీపు వైపు ఉండే సన్నని గీత గురించి ఆ మాట. మచ్చ పిల్లతో పాటు కొంత పెరుగుతుంది, ఆ మాట దాచక్కర్లేదు. ఎదిగిన అమ్మాయి తన ఒంటి మీద మచ్చ వద్దనుకుంటే ఆ కోరికకు విలువ ఇవ్వాలి, అందుకు రోబోను ఎంచుకున్నా తప్పులేదు. కానీ పసికందు పెళ్లిని గుర్తుచేసి తండ్రి చేత అదనపు లక్షలకు సంతకం పెట్టించడం వైద్య సలహా కాదు.

ఇప్పుడు దేశీయ రోబోలు వచ్చాయి, గురుగ్రామ్‌లో తయారవుతున్న ఎస్‌ఎస్‌ఐ మంత్ర లాంటివి డా విన్సీ కన్నా చవక, కాబట్టి ఈ వాదన చెల్లదంటారు. ధర తగ్గితే మంచిదే, పెద్దలకు ఎంతో మేలు. ధర తగ్గినంత మాత్రాన ఆరు నెలల బిడ్డ పొట్ట పెద్దదైపోదు. హైదరాబాద్ నిమ్స్‌కు 2023లో రోబో వచ్చిన తరవాత, పిల్లల ఆస్పత్రులకూ కొనాలన్న మాట అక్కడక్కడా వినిపిస్తోంది. ప్రభుత్వం ఆ డబ్బు ఖర్చు పెట్టదలిస్తే ముందు చేయాల్సినవి వేరే ఉన్నాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పుణ్యమా అని పేద పిల్లల ఆపరేషన్‌కు డబ్బు అడ్డం కావడం తగ్గింది. అడ్డమవుతున్నది దూరం, ఆలస్యం. వృషణం దిగని మగబిడ్డను ఆరు నెలలకే పిల్లల సర్జన్‌కు చూపాలి, ఏడాదిన్నర లోపు ఆపరేషన్ అయిపోవాలి. మన దగ్గర బడిలో చేర్చాక, కొన్నిసార్లు మీసాలు వచ్చాక తీసుకొస్తున్నారు. అప్పటికి సంతాన సామర్థ్యం తగ్గిపోతుంది, క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ఈసీ స్కాన్ కోసం ఏజెన్సీ ప్రాంతం నుంచి విశాఖ దాకా, ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ దాకా బిడ్డను మోసుకురావాలి. ఒక్క రోబో ధరతో ఎన్నో జిల్లాలకు పసిపిల్లల దుర్బిణులు, 3 మిల్లీమీటర్ల లాప్రోస్కోపీ సెట్లు సమకూరతాయి. వాటికి తోడు పిల్లల సర్జన్ పోస్టులు, పిల్లల మత్తు డాక్టర్ల పోస్టులు మంజూరు చేసి, నింపి, నిలబెట్టాలి.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒకటే. ఏ ఆస్పత్రిలోనైనా సరే, యంత్రం గురించి వినే ముందు సర్జన్‌ను అడగండి. ఈ ఆపరేషన్ ఇప్పుడే ఎందుకు, ఇంకా కొన్నాళ్లు చూస్తే కిడ్నీ పనితనం తగ్గుతుందని ఏ స్కాన్ చెప్పింది? మా బిడ్డ వయసు పిల్లలకు మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు? మత్తు ఎంతసేపు ఉంటుంది, ఇచ్చేది పిల్లల మత్తు డాక్టరేనా? స్టెంట్ పెడతారా, పెడితే దాన్ని ఎప్పుడు, ఎలా తీస్తారు? ఇవన్నీ అడిగినందుకు విసుక్కునే చోటు నుంచి లేచి వచ్చేయండి. ఓపిగ్గా, సూటిగా జవాబు చెప్పే సర్జన్ దొరికితే, ఆ ఆస్పత్రిలో రోబో లేదని సంకోచించకుండా బిడ్డను ఆ చేతుల్లో పెట్టండి.